గాలిబ్ నూరేళ్ళు – మఖ్దూం ఆఖరి యేడు
(కవితాలోకంలో 1969వ సంవత్సరం)

చరిత్ర అనగానే మనకు రాజుల పట్టాభిషేకాలు, యుద్ధాలు, ఒడంబడికలు గుర్తుకు వస్తాయి. కవిత్వానికి కూడా ఒక చరిత్ర కలదు. దానిలో కొన్ని సంవత్సరాలు మామూలుగా గడిచిపోతాయి. ఎప్పుడో ఒక సంవత్సరం మాత్రం సంతోషాన్నీ దుఃఖాన్నీ, గౌరవాన్నీ అవమానాన్నీ ఒకే మూటగట్టి తెచ్చి మన గుమ్మంలో పడేస్తుంది. అలాంటి సంవత్సరం 1969. ఉర్దూ కవితకు, దానితోపాటు మన హైదరాబాదుకు, మన తెలుగు నాటికి ఆ యేడు ఏమి తెచ్చినది, ఏమి తీసుకుపోయినది అన్న సంగతి మన సభ్యులకు, ముఖ్యంగా మన పిల్లలకు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మన సభ్యుల ఇళ్ళలో కొందరి ఇంటి భాష ఉర్దూ. మరికొందరిది తరతరాలుగా తెలుగే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే వారిలో కూడా ఆ లిపి చదవగలిగిన పిల్లలు ఎంతమంది అని మనల్ని మనం ప్రశ్నించుకుంటే జవాబు అంత సంతోషంగా ఉండదు. కనుక ఈ కథ మనకు సంబంధం లేని పరాయి కథ కాదు.

శతవర్ధంతి సంబరం

మీర్జా అసదుల్లా ఖాన్ గాలిబ్ 1797 డిసెంబరు 27న ఆగ్రాలో పుట్టి, 1869 ఫిబ్రవరి 15న ఢిల్లీలో కన్నుమూశారు. 1969 ఫిబ్రవరికి ఆయన పోయి సరిగ్గా నూరేళ్ళు. దేశమంతటా సభలు, ముషాయిరాలు జరిగినవి. తపాలా శాఖవారు ఆయన బొమ్మతో బిళ్ళ వేశారు. ఢిల్లీలో నిజాముద్దీన్ బస్తీలో, ఆయన సమాధికి పక్కనే, హమ్‌దర్ద్ దవాఖానా అధిపతి హకీం అబ్దుల్ హమీద్ గారి పూనికతో గాలిబ్ అకాడమీ వెలసింది. గాలిబ్ ఇన్‌స్టిట్యూట్ అనే మరొక సంస్థ కూడా ఆ ఉత్సవాల ఫలితమే.

మన దేశంలోనే కాదు, బయట కూడా ఆయన పేరు మారుమోగినది. లండన్‌లో రాల్ఫ్ రస్సెల్, ఖుర్షీదుల్ ఇస్లాం అనే ఇద్దరు పండితులు కలిసి గాలిబ్ జీవితాన్ని, ఉత్తరాలను ఇంగ్లీషులో పెద్ద గ్రంథంగా ఆ యేడే ప్రకటించారు. అమెరికాలో ఐజాజ్ అహ్మద్ గారు గాలిబ్ గజళ్ళకు మాటకు మాట అర్థం చెప్పగా, అక్కడి పేరున్న కవులు తమ తమ పద్ధతిలో తిరిగి రాశారు. ఆ పుస్తకం 1971లో వచ్చినది. గజల్ అనే ప్రక్రియ ఇంగ్లీషు కవులకు బాగా అలవాటు కావడానికి ఈ శతవర్ధంతి ఒక కారణమని చెప్పవచ్చును.

ఇంత సంబరం జరిగిన ఆ మనిషి బ్రతికినన్నాళ్ళు ఎలా బ్రతికారో కూడా పిల్లలు తెలుసుకోవాలి. చిన్నతనంలోనే తండ్రి పోయాడు, తరువాత పెంచిన పినతండ్రీ పోయాడు. పుట్టిన బిడ్డలు ఏడుగురూ పసితనంలోనే పోయారు. తనకు రావలసిన పింఛను కోసం 1828లో కలకత్తా దాకా వెళ్ళి కంపెనీ దొరల కచేరీల చుట్టూ తిరిగి, చివరకు వట్టి చేతులతో వచ్చారు. 1847లో జూదం నేరం మీద జైలు కూడా చూశారు. 1857 తిరుగుబాటులో ఆయన ఎరిగిన ఢిల్లీ ఆయన కళ్ళముందే పాడుపడింది. జీవితమంతా అద్దె ఇళ్ళలోనే గడిపారనీ, పుస్తకాలు సైతం కొనక, తెప్పించుకుని చదివి తిరిగి ఇచ్చేవారనీ ఆయన శిష్యుడు హాలీ తన గ్రంథంలో చెప్పారు. ఇంత చేసీ ఆయన ఉర్దూ దీవాన్ చిన్న పుస్తకమే. సుమారు 1800 షేర్లు. ఆ గుప్పెడు షేర్లే నూరేళ్ళ తర్వాత ఆయనకు భవనాలు కట్టించాయి.

ఆయన తనకోసం ఒక ఇల్లు కట్టుకోలేదు. చివరి రోజుల్లో ఉన్న బల్లీమారాన్ వీధి ఇల్లు ఎన్నో ఏళ్ళు వ్యాపారస్తుల చేతుల్లో ఉండి, 2000 ప్రాంతంలో గాని ప్రభుత్వంవారి చేతికి వచ్చి స్మారకంగా మారలేదు. అంటే శతవర్ధంతి జరిగిన ముప్పై ఏళ్ళకు!

హైదరాబాదు బిడ్డ, బెర్లిన్ దీవాన్

1969 ఫిబ్రవరి 22న గాలిబ్ అకాడమీని ప్రారంభించినవారు ఆనాటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్ గారు. ఆయన 1897లో పుట్టినది మన హైదరాబాదులోనే. తండ్రి ఇక్కడ వకీలు. ఆయన చనిపోయిన తరువాత కుటుంబం తమ స్వస్థలమైన ఖాయింగంజ్‌కు వెళ్ళిపోయినది.

గాలిబ్‌తో జాకిర్ సాహెబ్ అనుబంధం రాష్ట్రపతి అయ్యాక మొదలైనది కాదు. జర్మనీలో డాక్టరేటు చదువుకునే రోజుల్లో, బెర్లిన్‌లో కావియానీ అనే పర్షియన్ ప్రెస్సు ఒకటి ఉండేది. అక్కడ గాలిబ్ దీవాన్‌ను చిన్న సైజులో, చేతిలో ఇమిడేటట్లు, ముచ్చటగా అచ్చు వేయించారు. 1925లో వెలువడిన ఆ ప్రతికి ఆయన తానే అక్షరాలు కూర్చడం కూడా నేర్చుకున్నారట! పరాయి దేశంలో చదువుకోవడానికి పోయిన కుర్రవాడు, చేతిలో నాలుగు డబ్బులు ఉంటే తన భాష పుస్తకం అచ్చు వేసుకున్నాడు. ఈ సంగతి మన కాలేజీ విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

అకాడమీ ప్రారంభించిన తర్వాత ఆయన ఎంతోకాలం లేరు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. అలా పదవిలో మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనే. తాను ఇరవై రెండు సంవత్సరాలు వైస్ ఛాన్సలరుగా పెంచిన జామియా మిల్లియా ఆవరణలోనే ఆయన్ని ఖననం చేశారు. ఆ యేడు మొదటి దెబ్బ అది.

మఖ్దూం సాహెబ్

రెండవ దెబ్బ నేరుగా మన మీదనే పడింది. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో మఖ్దూం మొహియుద్దీన్ గారు చనిపోయారు. ఆయన వయస్సు అరవై ఒకటి. హైదరాబాదుకు తీసుకువచ్చి, నాంపల్లిలోని హజ్రత్ షా ఖామోష్ దర్గా ఖబ్రస్తాన్‌లో ఖననం చేశారు. "ఖామోష్" అనగా మౌనంగా ఉండువాడు. జీవితంలో ఒక్కరోజు కూడా నోరు మూసుకుని ఉండని కవికి అక్కడ చోటు దొరికింది.

మఖ్దూం గారు 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా ఆందోల్‌లో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోతే బాబాయి పెంచారు. రష్యాలో బీదా గొప్పా అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని భోంచేస్తారట అని ఆ బాబాయి చెప్పిన మాట చిన్నవాడి మనసులో నాటుకుపోయిందని అంటారు. హైదరాబాదు చేరి, తిండికీ పడకకూ చాలా కష్టాలుపడి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. దాకా చదివారు. టాగూరు కవిత్వం గురించి ఉర్దూలో పుస్తకం రాశారు. సిటీ కాలేజీలో లెక్చరరు ఉద్యోగం దొరికింది. ఇంకొకరైతే దానితో స్థిరపడేవారు. ఆయన మాత్రం ఆ ఉద్యోగం వదిలేసి కార్మికుల మధ్యకు వెళ్ళిపోయారు.

"సుర్ఖ్ సవేరా" (ఎర్రని ఉదయం) 1944లో వచ్చింది. తర్వాత తెలంగాణా సాయుధ పోరాటం, అజ్ఞాతవాసం, జైలు. తెలంగాణా పల్లెపడుచు మీద ఆయన ఉర్దూలో నజ్మ్ రాశారు. పొలం గట్టున నడిచే తెలుగు పిల్ల ఉర్దూ కవితలోకి సగౌరవంగా అడుగుపెట్టడం మామూలు విషయం కాదు. దర్బారు గుమ్మం ముందు పెరిగిన భాషను ఆయన పొలం దాకా నడిపించారు. 1952లో హుజూర్‌నగర్ నుండి శాసనసభకు ఎన్నికైనారు, ఆపైన శాసనమండలిలో సభ్యులుగా ఉన్నారు. "గులె తర్" 1961లో, మొత్తం కవిత్వం కలిపిన "బిసాతె రక్స్" 1966లో వచ్చాయి. ఆయన పాటలు సినిమాల ద్వారా ఉర్దూ రానివారి నోళ్ళలో కూడా నానాయి. 1964లో "చా చా చా", ఆయన పోయాక 1978లో "గమన్", 1982లో "బాజార్" చిత్రాల్లో వాటిని వాడుకున్నారు.

1969 సంవత్సరానికి ఉర్దూలో సాహిత్య అకాడమీ బహుమానం "బిసాతె రక్స్"కే వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు. పాకిస్తాన్ కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ గారు కొన్నేళ్ళ తర్వాత మఖ్దూం జ్ఞాపకార్థం, మఖ్దూం గజల్ వరుసలోనే గజల్ చెప్పారు. ఒక కవికి ఇంకొక కవి అంతకంటే పెద్ద ఫాతెహా ఏమి చదవగలడు? హైదరాబాదు హిమాయత్‌నగర్‌లో మఖ్దూం భవన్ పేరు అందరూ ఎరిగినదే. కాని ఆ పేరుగల మనిషి కవి అని తెలియని కుర్రవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ యేడు హైదరాబాదు పరిస్థితి కూడా చెప్పుకోవాలి. జనవరి నుంచి ప్రత్యేక తెలంగాణా ఉద్యమం. కాలేజీలు మూతపడినవి, కాల్పులు జరిగినవి. ఉద్యమకారులు చెప్పే లెక్క ప్రకారం 369 మంది, అందులో ఎక్కువమంది విద్యార్థులు, ప్రాణాలు కోల్పోయారు. గాలిబ్ శతవర్ధంతి వచ్చినదీ, మఖ్దూం జనాజా లేచినదీ అలాంటి వాతావరణంలోనే.

గాంధీ, గాలిబ్, అహ్మదాబాదు

అదే యేడు అక్టోబరు 2న మహాత్మా గాంధీ శతజయంతి. దానికి సరిగ్గా రెండు వారాల ముందు, సెప్టెంబరు 18న, గాంధీజీ ఆశ్రమం ఉన్న అహ్మదాబాదులోనే మతకలహాలు లేచినవి. ప్రభుత్వంవారి లెక్కల ప్రకారమే 600 మందికి పైగా చనిపోయారు. విచారణ సంఘానికి అధ్యక్షత వహించినది మన హైదరాబాదువారైన జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి గారు. శతజయంతికి అతిథిగా వచ్చిన సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ గారు సన్మానాలకంటే ముందు శాంతికోసం మూడురోజులు ఉపవాసం చేయవలసి వచ్చింది.

అహ్మదాబాదుకు కవిత్వంతో ఒక పాత బంధం ఉన్నది. దక్కన్‌లో పుట్టిన ఉర్దూ కవితను ఉత్తరాదికి పరిచయం చేసిన వలీ 1707లో కన్నుమూసింది ఆ ఊళ్ళోనే. మన గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్‌షా వంటివారు పాదు వేసిన భాషను వలీ ఢిల్లీ దాకా మోశారు. ఆయన వేసిన దారిలోనే మీర్, గాలిబ్ నడిచారు. ఆ వలీ సమాధిని 2002 అల్లర్లలో కూలగొట్టి, దాని మీద రాత్రికి రాత్రి రోడ్డు వేశారు. ఈ మాట రాయడానికి చేయి రాదు. కాని చరిత్ర రాసేవారు బాగున్నవి మాత్రమే ఏరుకుని రాయకూడదు.

ఈ పరిస్థితుల మధ్య సాహిర్ లుధియాన్వీ గారు గాలిబ్ ఉత్సవం మీద ఒక నజ్మ్ చెప్పారు. దాని సారాంశం మన మాటల్లో ఇది: స్వాతంత్ర్యం వచ్చిననాటి నుండి ఏ భాషను పరాయిదని తోసివేశారో, ఆ భాష కవికి ఈనాడు సమాధి ముస్తాబు చేయడమేమిటి? గాంధీ గాలిబ్‌లనిద్దరినీ కలిపి ఇంకొక నజ్మ్ కూడా చెప్పారు. ఉత్సవాలు ముగిసినవి, ఇక ఇద్దరినీ మళ్ళీ పాతిపెట్టి ఇంటికి పోదాం అన్నట్లుగా ఉంటుంది అది. పండుగ పందిట్లో ఇలాంటి మాట చెప్పడానికి ధైర్యం కావాలి. సభలలో చప్పట్లు కొట్టినవారికి కూడా అది ముల్లులా గుచ్చుకుని ఉంటుంది.

సాహిర్ గారి కోపం సబబైనదేనా? చాలావరకు సబబైనదే. మన నేల మీదనే చూడండి. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరీ, ఇంజనీరింగు సైతం ఉర్దూలో చెప్పేవారు. ఒక భారతీయ భాషలో అంత పై చదువు చెప్పడం దేశంలోనే కొత్త. 1948 తర్వాత అది పోయింది. అయితే నాణేనికి రెండవ వైపు కూడా చూడాలి. ఆ రోజుల్లో తెలుగు ఇంటి భాషగా గల లక్షలమందికి తమ భాషలో చదువు దక్కలేదన్నది కూడా నిజం. ఒక భాషకు జరిగిన న్యాయం ఇంకొక భాషకు అన్యాయం కాకూడదు. ఈ సంగతి ఉర్దూవారికీ తెలుగువారికీ హైదరాబాదు నేర్పినంత బాగా మరే ఊరూ నేర్పలేదు.

ఏ మతం వారిది ఈ భాష?

సాహిర్ ప్రశ్నకు ఆ యేడే ఒక రకమైన జవాబు కూడా వచ్చింది. 1969 సంవత్సరపు జ్ఞానపీఠ బహుమానం "గులె నగ్మా" కావ్యానికి ఫిరాఖ్ గోరఖ్‌పురీ గారికి లభించింది. ఉర్దూకు అదే మొదటి జ్ఞానపీఠం. ఫిరాఖ్ గారి అసలు పేరు రఘుపతి సహాయ్. అలహాబాదు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి, ఉర్దూలో గజళ్ళు రాశారు. ఉర్దూ ఒక్క ముసల్మానులదే అనే వారికి ఈ ఒక్క పేరు చెబితే చాలును.

అదే సంవత్సరం తెలుగులో సాహిత్య అకాడమీ బహుమానం తుమ్మల సీతారామమూర్తి గారి "మహాత్మకథ"కు వచ్చింది. గుంటూరు జిల్లా రైతు ఇంట పుట్టి, గాంధీజీ జీవితాన్ని పద్యాలలో చెప్పిన కవి ఆయన. గాంధీ శతజయంతి యేడు గాంధీ కథకు తెలుగులో, గాలిబ్ శతవర్ధంతి యేడు హైదరాబాదు కవికి ఉర్దూలో బహుమానాలు రావడం ఎవరో కూర్చినట్లు కుదిరింది.

ఇక దాశరథి కృష్ణమాచార్య గారి సంగతి. ఆయన నిజాం ప్రభుత్వానికి ఎదురు తిరిగి నిజామాబాదు జైల్లో పడ్డవారు. జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసినవారు. అలాంటివారు నిజాం రాజభాషను ద్వేషించి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. కాని ఆయన ఏమి చేశారు? ఇష్టపడి గాలిబ్‌ను తెలుగు చేశారు. "గాలిబ్ గీతాలు" 1961లో, అంటే శతవర్ధంతికి ఎనిమిదేళ్ళ ముందే, బాపు గారి బొమ్మలతో వెలువడినది. ప్రభువు వేరు, భాష వేరు అని ఆయనకు తెలుసు. 1969లో తెలుగు జిల్లాల్లో గాలిబ్ పేరు తెలిసిన ఇళ్ళలో చాలా ఇళ్ళకు ఆయన్ని పరిచయం చేసినది ఈ పుస్తకమే అనుకోవచ్చును.

ఆయన కంటే ముందు దువ్వూరి రామిరెడ్డి గారు, మన పిఠాపురం ఉమర్ ఆలీషా కవి గారు పారసీ నుండి ఉమర్ ఖయ్యాంను తెలుగులోకి తెచ్చారు. ఆయన తరువాత, ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి.నారాయణరెడ్డి గారు తెలుగు గజళ్ళు రాసి పాడారు. కనుక తెలుగు ఉర్దూల మధ్య రాకపోకల దారి కొత్తగా వేయవలసిన అవసరం లేదు. అది ఉన్నదే. దాని మీద గడ్డి మొలవకుండా నడుస్తూ ఉంటే చాలును.

పాత కాగితాల్లో దొరికిన గాలిబ్

ఆ సంవత్సరపు ఇంకొక ముచ్చట చెప్పి ముగిస్తాము. శతవర్ధంతి హడావిడి ఇంకా తగ్గకముందే, 1969 ఏప్రిల్ ప్రాంతంలో, భోపాల్‌లో పాత పుస్తకాల వ్యాపారి దగ్గర ఒక చేతిరాత ప్రతి బయటపడింది. అది గాలిబ్ తన పందొమ్మిదవ యేట, 1816లో, స్వయంగా రాసుకున్న దీవాన్ అని ప్రకటించారు. పండితులలో సంచలనం పుట్టింది. ఇటు భారతదేశంలోను, అటు లాహోరులోను దాన్ని అచ్చు వేశారు. నిజంగా గాలిబ్ చేతిరాతేనా, కాదా అన్న వాదోపవాదాలు తరువాత చాలా జరిగినవి. ఆ వాదం పండితులకు వదిలేద్దాం.

మనకు కావలసిన సంగతి వేరే ఉన్నది. అలాంటి ప్రతి ఒకటి పాత కాగితాల కుప్పలో నుంచి బయటపడింది అంటే, ఆ కుప్పలో పడి మరి బయటపడనివి ఎన్ని ఉంటాయి? మన తాతల ట్రంకు పెట్టెలు జ్ఞాపకం చేసుకోండి. నచ్చిన షేర్లు రాసుకున్న బయాజ్ నోటు పుస్తకం, పెళ్ళికి చెప్పిన సెహ్రా కాగితం, పాత ఉర్దూ పత్రికల కట్ట, ముషాయిరా కరపత్రం. తాతగారు పోయిన మరుసటి నెల ఇల్లు సర్దుతూ, "ఇవి ఎవరు చదువుతారు?" అని కిలోల లెక్కన తూచి ఇచ్చేసిన ఇళ్ళు మన మధ్యనే ఉన్నవి. అమ్మినవారిని నిందించి లాభం లేదు. చదవడం రానివారికి అది కాగితమే. చదవడం నేర్పకపోవడంలోనే అసలు నష్టం ఉన్నది.

ప్రభుత్వాలు తమ వంతు చట్టాలు చేశాయి. తెలంగాణాలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా గుర్తించారు. సంతోషమే. అయితే చట్టం బోర్డు మీద అక్షరాలు రాయించగలదు గాని, బిడ్డ చేత చదివించలేదు. ఆ పని తల్లీ తండ్రీ, తాతా నానమ్మా చేయవలసినదే.

అందుచేత మన సభ్యులకు మా మనవి ఇది. ఉర్దూ ఇంటి భాషగా గలవారు వారంలో రెండు గంటలు పిల్లలకు అక్షరాలు నేర్పించండి. స్కూల్లో తెలుగు, ఇంగ్లీషు చదువుతున్నారు గనుక భారం అవుతుందని భయపడకండి. మన పెద్దలు మూడు నాలుగు భాషలు చదివి కూడా లెక్కల్లో వెనకబడలేదు. తెలుగే ఇంటి భాషగా గలవారు దాశరథి గారి గాలిబ్‌ను తెలుగులోనే పిల్లల చేత చదివించండి, అదీ మనదే. ఇంట్లో పాత చేతిరాత పుస్తకాలు ఉన్నవారు అమ్మే ముందు చదవడం వచ్చిన పెద్దవారికి ఒక్కసారి చూపించండి. ఆయన పేజీలు తిరగేస్తూ చదువుతుంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి.

1969లో నూరేళ్ళ క్రితం పోయినవారికి బిళ్ళలు, భవనాలు దక్కినవి. అదే యేడు బ్రతికున్నవారు ఇద్దరు మన చేయి జారిపోయారు. వారిలో ఒకరు చదువుకునే వయస్సులో గాలిబ్‌ను అచ్చు వేశారు. ఒకరు ఉన్న ఉద్యోగం వదులుకుని భాషను పొలానికి తీసుకువెళ్ళారు. భవనాలు కట్టే శక్తి మన సంఘానికి లేకపోవచ్చును. ఒక బిడ్డకు ఒక షేర్ చదివి అర్థం చెప్పే శక్తి మాత్రం మన ప్రతి ఇంటికీ ఉన్నది.